డ్రుసిల్లా వేడ్ రెండో ముగింపు

“మీ గడియారం గొలుసు ఒకసారి ఇస్తారా డీకన్ గారూ?” అని అడిగాను.

ఊరి చర్చి పెద్ద అమేసా వేడ్ కోటు గుండీకి తగిలించుకున్న గొలుసు విప్పి నా చేతిలో పెట్టాడు. అది బంగారం కాదు, వెండీ కాదు. పోయిన భార్య జుట్టుతో అల్లిన గొలుసు. మా కనెక్టికట్‌లో పెళ్ళాం పోయిన ప్రతి పెద్దమనిషీ ఇలాంటిదొకటి తగిలించుకుని తిరుగుతాడు. బతికుండగా ఆ జుట్టే పట్టుకుని ఈడ్చినవాడైతే ఇంకాస్త మందంగా అల్లించుకుంటాడు.

“ఎవరు అల్లారు?”

“మా వదిన ఫీబీ. డ్రుసిల్లా ప్రాణం పోగానే తల దగ్గర కూర్చుని కత్తెరతో ఒక పాయ కోసి దాచిందట. నేను ఊళ్ళో లేనుగా. నాకు మిగిలింది ఇదే మిసెస్ బార్న్స్.”

“పాపం” అన్నాను. అనాలి కాబట్టి అన్నాను.

నా పేరు సబ్మిట్ బార్న్స్. ఆ పేరుకి అర్థం ‘లోబడి ఉండు’ అని. మా వైపు ఆడపిల్లలకి ఇలాంటి పేర్లు పెడతారు. మగపిల్లాడికి పెట్టగా నేనెప్పుడూ వినలేదు. అంతర్యుద్ధంలో మొగుడు పోయాక హార్ట్‌ఫర్డ్‌లో ఒక జీవిత బీమా కంపెనీలో పరిశోధకురాలిగా కుదిరాను. ఎవరైనా పోయారని కబురొస్తే, నిజంగా పోయారా, ఎలా పోయారు అని తేల్చి సంతకం పెట్టడం నా ఉద్యోగం. మా ఆయన శవం నాకు దక్కనే లేదు. అందుకేనేమో పక్కవాళ్ళ శవాలు నాకు బాగా అర్థమవుతాయి.

ఈసారి బీమా సొమ్ము మొగుడికి రావాలి, పోయినామె మామూలు మనిషి కాదు. డ్రుసిల్లా వేడ్ కథలు చదవని ఆడది బోస్టన్ నుంచి షికాగో దాకా లేదు. చదివానని మొగుడితో చెప్పిన ఆడదీ లేదు. మొగుణ్ణి అడగనిదే సూది కూడా కొనుక్కోలేని ఇల్లాళ్ళ గురించి రాసింది. వాతలు కనబడకుండా ఎండాకాలంలో కూడా పొడుగు చేతులు తొడుక్కునే ఇల్లాళ్ళ గురించి రాసింది. పాదిరి గారు ఆదివారం ఆమె పుస్తకాన్ని పేరు పెట్టి తిడితే, సోమవారానికి ఆమె ఊరు మిల్‌బ్రిడ్జ్‌లో ఆ పుస్తకం దొరికేది కాదు. ఆ రాతల మీద వచ్చిన ప్రతి డాలరూ చట్టప్రకారం ఆమె మొగుడిది. మా రాష్ట్రంలో పెళ్ళయిన ఆడదానికి సొంత సొమ్మంటూ లేదు. ఊళ్ళో కాగితం మిల్లు కూడా అమేసా వేడ్‌దే కాబట్టి, ఆమె రాసిన కాగితం కూడా ఆయనదే. ఇలాంటి కాపురానికి ఎదురుతిరక్కపోతేనే వింత.

మూడు వారాల కిందట, ఓ బుధవారం ఆమె కంఠసర్పితో పోయిందన్నారు. అంటురోగం కదా, ఆ పూటే ఇంట్లోనే పెట్టెలో పెట్టి మేకులు కొట్టేశారు. చావు పత్రం రాసిన ఆడ డాక్టరు ఆ వారమే పడమటికి వెళ్ళిపోయింది. జనవరిలో మా నేల రాయిలా బిగుసుకుంటుంది, గునపం దిగదు. ఈ చలికాలంలో పోయినవాళ్ళందరూ మంచు కరిగేదాకా చర్చి వెనక రాతిగదిలో వరసగా ఎదురుచూడాల్సిందే. డ్రుసిల్లా పెట్టె కూడా అక్కడే ఉంది.

అంతటితో అయిపోయేది. కానీ ఆ ఇంటి పనిపిల్ల ఆనోరా నోరు జారింది. నిన్న జైల్లో ఆ ఐరిష్ పిల్ల ఊచలు పట్టుకుని నాతో ఏడుస్తూ అన్నదిదే: “రోగం అంటుకుంటుందని నన్ను మా పిన్ని ఇంటికి పంపేశారమ్మగారూ. తిరిగొచ్చి చూస్తే ఉతకడానికి ఒక్క దుప్పటి లేదు, మందు వాసన లేదు. ఇదేం రోగమో అని మావాళ్ళతో అన్నాను. అంతే నేను చేసింది.” ఆ మాట ఊరంతా తిరిగి, రోగం కాదు విషం అయింది. విషం అయ్యాక వండిపెట్టేది ఎవరు అన్న ప్రశ్న వచ్చింది. షెరీఫ్ దగ్గరి డిటెక్టివ్ ఓరిన్ టక్కర్ వచ్చి, ఆనోరానే పట్టుకుపోయాడు. జ్యూరీ ముందు నిలబెడితే ఆ పిల్ల మెడకి తాడు ఖాయం.

నా అనుమానం మొదటి రోజు నుంచీ మొగుడి మీదే. దాచుకోవడం ఎందుకు, అతని మెడలో తాడు చూడాలని నాకు కోరికగా కూడా ఉంది.

“ఆల్బనీ నుంచి ఎప్పుడొచ్చారు?” అని అడిగాను, గొలుసు వెలుతురుకేసి పట్టుకుని.

“శుక్రవారం సాయంత్రం. అప్పటికి ఆమె పోయి రెండు రోజులు.”

“రైల్లోనా?”

“జంక్షన్ దాకా రైల్లో. ఆ వారం మంచుకి అన్ని లైన్లూ ఆగిపోయాయి, జంక్షన్‌లో జనం రెండేసి రోజులు పడిగాపులు పడ్డారు. నా అదృష్టం కొద్దీ, కాగితం చేయడానికి పాత గుడ్డల బేళ్ళ కోసం వచ్చిన మా మిల్లు బండి అక్కడుంది. బండివాణ్ణి మిగతా బేళ్ళ కోసం ఉంచేసి, నేనే తోలుకొచ్చాను.”

“ఇంటికొచ్చాక తెలిసిందా?”

“వంతెన దగ్గరే తెలిసింది. పాదిరి గారూ పెద్దమనుషులూ ఎదురొచ్చారు. బండి దిగకముందే చెప్పారు.” ఆయన గొలుసు లేని గుండీ తడుముకున్నాడు. “ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు మిసెస్ బార్న్స్. నిజంగా అర్థం కాలేదు.”

ఆ రెండు మాటలూ నిజమేననిపించింది. నాకు అదే నచ్చలేదు.

భూతద్దం తీసి గొలుసు అల్లిక మీద పెట్టాను. వెంట్రుకల కొసల్లో అక్కడక్కడా తెల్లటి చుక్కలు కనిపించాయి. వేలితో ఇటు నుంచి అటు రాస్తే గరుకు, అటు నుంచి ఇటు రాసినా గరుకే. నేను నా ముఖం మామూలుగా ఉంచుకున్నాను. అంతలో తలుపు తట్టకుండానే ఓరిన్ టక్కర్ లోపలికొచ్చాడు.

“జుట్టు అల్లికలు నేర్చుకుంటున్నారా మిసెస్ బార్న్స్? మంచిది. వయసు మళ్ళాక చేతికో పనుండాలి.”

“మీరూ నేర్చుకోండి టక్కర్ గారూ. నేరాలు అల్లే శ్రమ తగ్గుతుంది.”

ఆయన నవ్వి, పొయ్యి దగ్గరున్న మెత్తని కుర్చీలో కూలబడ్డాడు. వచ్చే ఎన్నికల్లో షెరీఫ్ అవుదామని చూస్తున్న మనిషి. “నేను అల్లానా? వంటింట్లో ఎలకల మందు దొరికింది.”

“ఎలకల మందు లేని వంటిల్లు ఈ జిల్లాలో ఒక్కటి చూపించండి. మీ ఇంట్లో లేదా?”

“మా ఇంట్లో ఐరిష్ పిల్ల లేదు.”

“అదీ అసలు సాక్ష్యం. ఆ పిల్ల యజమానురాల్ని ఎందుకు చంపుతుంది? ఆమె పోతే పిల్లకి ఏం దక్కుతుంది?”

“ఏమో. ఆవిడ కథలు చదివి బుర్ర పాడైందేమో. నా భార్య ఒకటి చదివి వారం రోజులు నాతో మాట్లాడలేదు.” జేబులోంచి మడత కాగితం తీసి ఊపాడు. “వాదనెందుకు? జడ్జి గారి ఉత్తర్వు. మధ్యాహ్నం మూడింటికి పెట్టె తెరుస్తున్నాం. కడుపులో ఏముందో డాక్టరే చెప్తాడు.”

అమేసా వేడ్ లేచి నిలబడ్డాడు. “అది కంఠసర్పి టక్కర్. పెట్టె తెరిస్తే ఊరు ఊరంతా చస్తుంది. నేను ఒప్పుకోను.”

“ఒప్పుకోమని అడగలేదు డీకన్ గారూ. సంతకం జడ్జిది. ముక్కులకి రుమాళ్ళు కట్టుకుని నిలబడదాం.”

డీకన్ కిటికీ వైపు తిరిగాడు. “ఎవరెవరు ఉంటారు?” అని మాత్రం అడిగాడు. తర్వాత, “సరే. రాతిగది తాళం చెవి ఒకటి నా దగ్గర కూడా ఉంది, పట్టుకొస్తాను” అన్నాడు.

టక్కర్ నా వంక విజయగర్వంతో చూశాడు. నేను గొలుసు ఆయన ముందు బల్ల మీద పెట్టి, డ్రుసిల్లా గది చూస్తానని మేడెక్కాను.

“నేను రెండు రోజులు వెతికిన గది అది” అని వెనక నుంచి టక్కర్ అరిచాడు. “దుమ్ము కూడా మిగల్చలేదు.”

గదిలో కిటికీ పక్కన కుట్టుబల్ల ఉంది. దాని మీద సగం అంచు కుట్టిన తువ్వాలు, సూది అందులోనే గుచ్చి ఉంది. ఆ తువ్వాలు మడతల్లో రంగు మారిపోయింది. ఎత్తి చూస్తే కింద సిరా మరకలు, కలం గీరిన చారలు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మెట్ల మీద మొగుడి అడుగుల చప్పుడైతే కాగితాల మీద తువ్వాలు కప్పి సూది పట్టుకునేదన్నమాట. ఏళ్ళ తరబడి ఒకే తువ్వాలు కుట్టిందంటే, ఆయన ఒక్కసారైనా చూడలేదని అర్థం. ఆ తువ్వాలు కిందే అన్ని పుస్తకాలూ పుట్టాయి.

అద్దం ముందుకెళ్ళాను. నాకు కావలసింది అక్కడుంది. మూతకి వేలు పట్టేంత కంత ఉన్న పింగాణీ బరిణె. తల దువ్వుకున్నాక దువ్వెనకి అంటుకున్న చిక్కు వెంట్రుకలు వేలికి చుట్టి, ఆ కంతలోంచి లోపలికి దోపుతాం. బరిణె నిండితే సవరం చేసుకుంటాం. ఆ బరిణె పెళ్ళాం అద్దం ముందు ముప్ఫయ్యేళ్ళున్నా మగవాడు ఆ మూత తీసి చూడడు. టక్కర్ కూడా తీసి ఉండడు. నేను తీశాను. ఖాళీ. ఊరికే ఖాళీ కాదు, తడిగుడ్డతో తుడిచినట్టు శుభ్రంగా ఉంది.

కత్తెరతో కోసిన పాయకి కుదుళ్ళు ఉండవు, అన్ని వెంట్రుకలూ ఒకే వైపు తిరిగి ఉంటాయి. దువ్వెనలో రాలినవాటికి తెల్లటి చుక్కల్లా కుదుళ్ళుంటాయి, ఏది ఎటు తిరిగి ఉందో దేవుడికే తెలియాలి, అందుకే ఎటు రాసినా గరుకు. అమేసా వేడ్ గుండెల మీద వేలాడుతున్నది ఈ బరిణెలోని చిక్కు.

అయితే ఒక అక్క, చెల్లెలి శవం పక్కన కూర్చుని, ఒక్క పాయ కోయడం మరిచిపోతుందా? మా వాళ్ళలో ఆడది ప్రార్థనైనా మరిచిపోతుందేమో గానీ అది మరిచిపోదు. కన్నీళ్ళు తుడుచుకునే ముందే కత్తెర వెతుక్కుంటుంది. మరిచిపోయిందంటే అక్కడ చావు లేదు. తర్వాత మొగుడొచ్చి జుట్టేదని అడిగేసరికి, గతిలేక బరిణె బోర్లించింది.

వంటింట్లో ఫీబీ అట్లకాడ పట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఉంది, పొయ్యి మీద ఏమీ లేకపోయినా. యాభై దాటిన అవివాహిత, సన్నగా, ఎండు కొమ్మలా ఉంటుంది. చెల్లెలి పెళ్ళయినప్పటి నుంచీ ఈ ఇంట్లోనే పడి ఉంది. నేను తలుపు మూసి గడియ పెట్టాను.

“ఫీబీ గారూ, మీ చెల్లెలు ఎక్కడుంది?”

“రాతిగదిలో ఉంది. మీకు తెలియదా?”

“బరిణె చూశాను.”

ఆమె అట్లకాడ కింద పెట్టింది. కుర్చీ కోసం చెయ్యి వెనక్కి చాపి, కూర్చుంది.

“జుట్టు సంగతి నాకు తోచనే లేదమ్మా” అంది నా బూట్ల వంక చూస్తూ. “అన్నీ ఆలోచించాం. డాక్టరమ్మ సంతకం, ఆనోరాని పంపేయడం, పెట్టెలో బరువు కోసం పొయ్యి కట్టెలు పేర్చడం, పైన దుప్పటి కప్పడం, మేకులు. ఆయనొచ్చి కూర్చుని, ఆమె జుట్టు ఇవ్వు వదినా అన్నాడు. బరిణె బోర్లించి, రాత్రంతా కూర్చుని అల్లాను.”

“ఎందుకు చేశారు ఇదంతా?”

“ఎందుకా? ఇద్దరు డాక్టర్ల చేత కాగితం రాయించాడు. రాయడం మానలేని పిచ్చి అట. ఆల్బనీ నుంచి రాగానే పిచ్చాసుపత్రికి పంపేవాడు. కుక్కని చంపాలంటే ముందు పిచ్చిదని చాటాలిగా. అక్కడికెళ్ళిన ఆడది తిరిగొచ్చిందని మీరెప్పుడైనా విన్నారా?”

వినలేదు. ఆ మాటే చెప్పాను.

“డ్రూ నవ్విందమ్మా ఆ రోజు” అంది ఫీబీ. “పత్రికల వాళ్ళు ఎప్పుడూ ఒకటే పోరు పెట్టేవాళ్ళు దాన్ని, కథ చివర్లో నాయికకి పెళ్ళైనా చెయ్యి, చంపనైనా చంపు, పాఠకులకి ఇంకోటి సహించదు అని. ‘అక్కా, మనకి వాళ్ళిచ్చినవి రెండే ముగింపులు, మొదటిది నాకు అయిపోయింది, ఇక రెండోది వాడుకుంటా’ అంది. బుధవారం తెల్లవారకముందే వెళ్ళిపోయింది. విధవ వేషంలో, నల్ల గౌను, మోకాళ్ళ దాకా నల్ల ముసుగు. కొత్త విధవ ముసుగెత్తి ముఖం చూసేవాడెవడు? తన చావుకి తనే మైల పట్టింది.”

“ఎక్కడికి?”

“వయోమింగ్‌కి. అక్కడ ఆడవాళ్ళకి ఓటుందట, సంపాదించింది ఆడదానిదేనట. జంక్షన్‌లో పడమటి రైలు ఎక్కాలి.” ఆమె నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. “చేరగానే ఏదో ఒక పత్రికలో వేరే పేరుతో చిన్న కథ వేయిస్తానంది. అది చూసి బతికున్నట్టు తెలుసుకోమంది. ఇంకా ఏమీ రాలేదు.”

“మూడు వారాలేగా. కథ అచ్చవడానికి ఆ మాత్రం పట్టదూ?”

“నేనూ అదే అనుకుంటున్నాను” అంది, అనుకోనట్టుగా.

నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. “వినండి. మూడింటికి పెట్టె తెరుస్తారు. కట్టెలు బయటపడతాయి. అది టక్కర్ కనిపెట్టినట్టయితే మీరు నేరస్థురాలు, ఆనోరా మీకు తోడుదొంగ. అదే మూత లేవకముందే మీ నోటితో మీరు పదిమందిలో చెప్తే, శవం లేనప్పుడు హత్య లేదు. ఆ పిల్ల ఈ సాయంత్రమే ఇంటికెళ్తుంది.”

“ఆయన డ్రూ వెంట పడతాడు.”

“పడనివ్వండి. ఇప్పటికి చేరిపోయే ఉంటుంది. అక్కడి చట్టం ఆయన జేబులో లేదు. అబద్ధపు చావుపత్రానికి మీకేదో జరిమానా వేస్తారు, మహా అయితే కొన్నాళ్ళు జైలు. ఆనోరాకి మాత్రం ఉరి. ఆ పిల్లకి పందొమ్మిదేళ్ళు.”

ఫీబీ ఏప్రన్ కొసతో ముఖం తుడుచుకుంది. “ఆనోరా నా కళ్ళ ముందు పెరిగిందమ్మా ఈ నాలుగేళ్ళూ” అంది. తర్వాత, “మీరు నా పక్కన నిలబడతారా?” అని అడిగింది.

“నిలబడతాను” అన్నాను. ఆ మొగుడి మెడకి తాడు పడటం లేదన్న చింత ఒక్కటే నాకు అప్పుడు మిగిలింది. అంత తేలిగ్గా ఉంది నా మనసు.

మూడింటికి చర్చి వెనక దిబ్బ మీది రాతిగది దగ్గర పదిమంది దాకా చేరారు. జడ్జి పంపిన డాక్టరు, పాదిరి, డీకన్, ఊరి పెద్దలు, టక్కర్, అతని మనుషులిద్దరు, నా పక్కన ఫీబీ. సమాధుల కాపరి జెరెడ్ ముసలాడు తాళం తీసి ఇనుప తలుపు లాగాడు. లోపల అరల మీద పెట్టెలు. డ్రుసిల్లా పెట్టెని కింద బల్ల మీదకి దించారు. ముక్కులకి రుమాళ్ళు కట్టుకున్నారు. టక్కర్ మేకులు లాగే ఉలి తీసుకుని నా వంక కన్ను గీటాడు.

“ఆగండి” అంది ఫీబీ.

ఆమె గొంతు అంత గట్టిగా వస్తుందని నేననుకోలేదు. “మూత తీయక్కర్లేదు. అందులో మా చెల్లెలు లేదు. పొయ్యి కట్టెలున్నాయి. నేనే పేర్చాను, నేనే మేకులు కొట్టాను. ఆనోరాకి ఏమీ తెలియదు. డ్రుసిల్లా చావలేదు. ఈ మనిషి పిచ్చాసుపత్రిలో వేస్తాడని పారిపోయింది.”

పాదిరి ఒక అడుగు వెనక్కి వేశాడు. టక్కర్ ముఖం చూడాలని నాకెంత ఆశగా ఉన్నా, నేను చూసింది అమేసా వేడ్‌ని.

చచ్చిందనుకున్న భార్య బతికే ఉందంటే మొగుడు సంతోషించాలి. మోసం చేసి పారిపోయిందంటే మండిపడాలి. ఆయన రెండూ చేయలేదు. ఫీబీ వంక జాలిగా చూశాడు. బాకీ తీరిపోయిందని తెలియక ఇంకా భయపడుతున్నవాణ్ణి చూసినట్టు చూశాడు. అందరి ముక్కులకీ గుడ్డలున్నాయి. పొద్దున అంటురోగమని గోల పెట్టిన మనిషి ముఖానికి మాత్రం ఏమీ లేదు.

నేను పెట్టె మీద చెయ్యి వేశాను. “టక్కర్ గారూ, ఒక్క నిమిషం” అన్నాను.

“ఎందుకు? కట్టెలే కదా” అని ఆయన ఉలి దోపాడు. మేకులు కిర్రుమన్నాయి. మూత లేచింది.

కట్టెలు లేవు.

నల్ల గౌను ఉంది. మోకాళ్ళ దాకా నల్ల ముసుగు ఉంది. డాక్టరు ముసుగు పక్కకి తొలగించాడు. చలికి ముఖం ఏమీ చెడలేదు. జుట్టు నిండుగా, ఒక్క పాయ కూడా తెగకుండా భుజాల మీద పడి ఉంది. మెడ చుట్టూ నీలంగా వేళ్ళ గుర్తులున్నాయి. కుడిచేతి వేళ్ళకి సిరా మరకలున్నాయి.

“కట్టెలు పెట్టాను” అంది ఫీబీ. ఎవరితోనూ కాదు. “నేను కట్టెలు పెట్టానమ్మా. మీకు చెప్పాను కదా, కట్టెలు.”

ఆమె కింద పడకుండా పట్టుకున్నాను. పట్టుకునే లోపలే నాకు మొత్తం తెలిసిపోయింది. మంచుకి పడమటి రైళ్ళు ఆగిపోయాయి. డ్రుసిల్లా రెండు రోజులు జంక్షన్‌లోనే ముసుగులో కూర్చుంది. శుక్రవారం ఆల్బనీ రైలు దిగిన మొగుడు ఆమెని దేన్నిబట్టి పోల్చుకున్నాడో, నడకనిబట్టో, ఆ వేళ్ళనిబట్టో. మిల్లు బండిలో ఎక్కించుకున్నాడు, దారిలో చంపాడు, గుడ్డల బేళ్ళ కింద దాచాడు. ఆ శవాన్ని ఏం చేయాలో దిక్కుతోచక వస్తున్నవాడికి ఊరి పెద్దలు వంతెన దాకా ఎదురొచ్చి, మీ భార్య పోయింది డీకన్ గారూ, పెట్టెలో పెట్టేశాం, ధైర్యం తెచ్చుకోండి అని ఓదార్చారు. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదన్నాడు కదా. ఎలా అర్థమవుతుంది? దేవుడే దిగొచ్చి సాయం చేసినట్టుంటుంది అలాంటివాడికి. రాతిగది తాళం జేబులోనే ఉంది. ఆ రాత్రే మేకులు లాగి కట్టెలు తీసి, ఆమె పెట్టెలో ఆమెనే పెట్టాడు.

“టక్కర్ గారూ, కాళ్ళు చూడండి” అన్నాను. “బూట్లున్నాయి. మడమలకి బురద గడ్డకట్టి ఉంది. బూట్లు తొడిగి ఎవరైనా శవాన్ని పెట్టెలో పెడతారా? మొగుడుండగా విధవ ముసుగు కప్పుతారా? ఈమె ఇంట్లో పోలేదు, ప్రయాణంలో పోయింది. ఈ గది రెండో తాళం చెవి ఎవరి దగ్గరుందో పొద్దున మీరే విన్నారు.”

“జెరెడ్ దగ్గరా ఒకటుంది. ముసలాణ్ణి కూడా పట్టుకోమంటారా?” టక్కర్ రుమాలు కిందకి లాక్కున్నాడు. ఓడిపోయాననుకున్న మనిషి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. “ఎవరు పెట్టెలో పెట్టారో, ఎవరు మేకులు కొట్టారో ఆవిడ నోటితో ఆవిడే చెప్పింది. పదిమంది విన్నారు. పోయిందన్నదీ ఆవిడే, పోలేదన్నదీ ఆవిడే. ఏళ్ళ తరబడి చెల్లెలి తిండి తిని, ఆ పేరూ ప్రతిష్ఠా చూసి ఓర్వలేకపోయింది. ఇంకేం కావాలి?”

“డీకన్ ముఖం చూశారా ఆవిడ చెప్తున్నప్పుడు?”

“ముఖాలు మీ కంపెనీకి చాలుతాయేమో. జ్యూరీకి ఒప్పుకోలు కావాలి.” ఫీబీ చేతులకి బేడీలు తగిలించాడు. అవి ఆమె మణికట్లకి వదులుగా ఉంటే ఇంకో గీత బిగించాడు. “ఆ ఐరిష్ పిల్లని వదిలేస్తాను, మీరు కోరింది అదే కదా. ఇంతకీ ఈవిణ్ణి నోరు విప్పమని ఒప్పించింది మీరే కాబోలు. షెరీఫ్ తరఫున కృతజ్ఞతలు మిసెస్ బార్న్స్.”

నా బుద్ధితోనే నేను ఆమె మెడకి తాడు పేనాను. ఫీబీ వెళ్తూ వెనక్కి తిరిగి నా వంక చూసింది. తిట్టినా బాగుండేది. “డ్రూ జుట్టు ఒక పాయ కోసి ఉంచండమ్మా” అంది. “ఈసారి మరిచిపోకూడదు.”

కత్తెర అడిగి తెప్పించి, కోశాను. జెరెడ్ దీపం దగ్గరగా పట్టాడు.

అందరూ వెళ్ళాక అమేసా వేడ్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, టోపీ చేత్తో పట్టుకుని.

“మీ కంపెనీకి ఇక అనుమానం ఉండదనుకుంటాను” అన్నాడు మెల్లగా. “నా భార్య పోయిందని నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను. మీరు సంతకం పెట్టొచ్చు.”

“హార్ట్‌ఫర్డ్ వెళ్ళి పెడతాను.”

“మళ్ళీ మంచు పడేలా ఉంది, మన లైను ఆగిపోయిందట. గుడ్డల కోసం మా మిల్లు బండి జంక్షన్‌కి వెళ్తోంది. రండి, దింపుతాను.”

“బండివాడు?”

“లేడు. నేనే తోలతాను.”

ఆయన కళ్ళలోకి చూశాను. నేను ఎంత తెలుసుకున్నానో ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకూ తెలుసు. దిబ్బ కింద బండి ఆగి ఉంది. అడుగున పాత చెక్కలు, వాటి సందుల్లో గుడ్డ పీలికలు. రేపు ఉదయానికి ఆ చెక్కలు ఏ పొయ్యిలోకి పోతాయో చెప్పలేను. ఫీబీ చేతులకున్న బేడీలు తీయించగలిగినది ఏదైనా ఉంటే అది ఆ చెక్కల సందుల్లోనే ఉంది, ఆమె వెంట్రుకో, నల్ల ముసుగు పోగో. దగ్గర్నుంచి చూడటానికి నాకు ఇదొక్కటే దారి.

“నేను డీకన్ గారి బండిలో జంక్షన్‌కి వెళ్తున్నాను” అని జెరెడ్‌కి వినిపించేలా గట్టిగా అన్నాను. “టక్కర్ గారికి చెప్పు.”

ముసలాడు ఇనుప తలుపు మూస్తూ తల ఊపాడు. విని ఊపాడో, చలికి వణికాడో తెలియలేదు. నేను వెళ్ళి బండి ఎక్కాను.